ఓరుగంటిలో ఒంటరిగా

గత మాసమున ఈ శీర్షిక చివర ‘వచ్చు సంచికలో ఓరుగంటి ముచ్చటలు’ అని ఒక్క పంక్తి వ్రాసితిమి. దానిపై తొమ్మిది జాబులు వచ్చినవి. అందు రెండు కోటను గూర్చినవి. ఒకటి అక్కడి తివాచీల వెలలను గూర్చినది. తక్కిన ఆరును ‘ఎవరితో పోవుచున్నారు?’ అను ప్రశ్నతోనే మొదలైనవి. ఆ సోదరీమణులకు ముందుగనే ప్రత్యుత్తర మిచ్చుచున్నాము. ఎవరితోను పోలేదు. ఈ శీర్షికలో ‘మేము’ అని వ్రాయుట పత్రికామర్యాద. దానినిబట్టి ఇద్దరిని ముగ్గురిని ఊహింపవలదు. మేమనగా మేమొక్కరమే. ఒక చేతిసంచి, ఒక నీళ్లసీసా, అత్తగారు మూటగట్టి యిచ్చిన పులిహోర, ఇదియే మా పరివారము.

ఓరుగల్లు చూడవలెనను కోరిక మాకు పదునాలుగవ యేటనే పుట్టినది. మా నాయనగారు మాకు ఇంటియొద్దనే చదువు చెప్పిరి. ఉదయము అమరము, మధ్యాహ్నము భారతమో భాగవతమో. ఒకనాడు బీరువా పైయరలో, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించిన క్రీడాభిరామము మా చేతికి చిక్కినది. వినుకొండ వల్లభరాయని పేర నున్న ఆ చిన్న కావ్యములో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అను ఇద్దరు మిత్రులు ఉదయము మొదలు రాత్రి వరకు ఓరుగంటి వీథులలో తిరుగుదురు. వారికి పని యేమియు లేదు. కోడిపందెము చూతురు, పల్నాటి వీరుల కథ విందురు, ఒక రూక యిచ్చి పూటకూటింట సుష్ఠుగా భుజింతురు. నాయనగారు అందు రెండు పద్యములు చెప్పుటయు, పది పద్యములు దాటివేయుటయుగా ఆ పాఠము సాగినది. దాటివేసిన వానిని వారు నిద్రించు వేళ మేమే చదువుకొంటిమి. అది వేరు మాట.

ఆ కావ్యములో స్త్రీలకు కొదువ లేదు. పల్నాటి కథ పాడునది స్త్రీ, చిత్రశాల కట్టించుకొన్న మాచల్దేవి స్త్రీ, వీథులలో కనబడి కొనియాడబడువారు స్త్రీలు. కాని ఏ పనియు లేక, ఎవరికిని సంజాయిషీ చెప్పనక్కరలేక, చూచుటకు మాత్రమే నగరమంతయు నడచువారు ఆ ఇద్దరు పురుషులే. తీర్థయాత్రకు పోవు స్త్రీ కలదు, పుట్టింటికి పోవు స్త్రీ కలదు; ఊరక ఊరు చూడబోవు స్త్రీ మాకు ఏ పుస్తకములోను కనబడలేదు. ఆ వయస్సున ఇది మాకు మిక్కిలి అన్యాయముగా తోచినది.

పెండ్లియైన తరువాత రెండుమార్లు ప్రయాణము నిశ్చయమై తప్పిపోయినది. ఒకమారు చుట్టములు, ఒకమారు పిల్లవాని జ్వరము. మూడవమారు మావారికి పరీక్షల పని తగిలినది. బడిపంతులుకు సెలవులు మెండని లోకము అనుకొనును. పంతులు భార్య నడిగిన తెలియును. అప్పుడు వారే, దిద్దుచున్న కాగితములనుండి తల యెత్తకయే, “నీవు పోయి రారాదా?” అనిరి. మాకు నవ్వు వచ్చినది. ఆ రాత్రి నిద్ర రాలేదు.

అత్తగారు రెండు దినములు ఏమియు మాటాడలేదు. మూడవనాడు పప్పు రుబ్బుచు, “పోవద్దని నేననను. ఎవరైనా అడిగితే ఏమని చెప్పవలె?” అనిరి. వారి భయము దొంగలను గూర్చి కాదు, దారిని గూర్చి కాదు. ప్రక్కయింటివారి ప్రశ్నను గూర్చి. ఆ ప్రశ్న మాకును దారి పొడవున ఎదురుపడునని అప్పుడు తెలియలేదు.

మాఘమాసమున ఒక ఉదయము ఖమ్మములో బస్సెక్కితిమి. మరిపెడ, తొర్రూరు, వర్ధన్నపేటల మీదుగా ఓరుగంటికి మూడు గంటలకు పైబడిన ప్రయాణము. 2023 డిసెంబరు 9వ తేది మొదలు తెలంగాణమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో చార్జీ లేదు. ఆధారుకార్డు చూపిన కండక్టరు సున్న రూపాయల టికెట్టు చేతిలో పెట్టును. బస్సు నిండ స్త్రీలే యుండిరి. ఆసుపత్రికి పోవువారు, కూతురింటికి పోవువారు, కూలికి పోవువారు. ఈ ఉచితప్రయాణమును గూర్చి వాదములు, పరిహాసములు మేమును వినియే యున్నాము. సీటు కొరకు జుట్లు పట్టుకొనుటయు విన్నాము. కాని మా ప్రక్క కూర్చున్న ముదుసలి, తన చెల్లెలిని ఆరేండ్లకు చూడబోవుచున్నానని చెప్పి, ఆ టికెట్టును నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకొన్నది. దానిపై సున్న యున్నదని ఆమె యెరుగును, అయినను దాచుకొన్నది.

ఆ చీటిని చూచుచుండగా మాకు మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చినది. ఓరుగంటి నేలిన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున సముద్రతీరమందలి మోటుపల్లి రేవులో ఒక అభయశాసనము వ్రాయించెను. పూర్వపు రాజులు, ఓడ గాలికి కొట్టుకొని వచ్చి పగిలినయెడల అందలి సరకంతయు తమదే యని లాగుకొనుచుండిరట. గణపతిదేవుడు అట్లు చేయక, నియతమైన సుంకము మాత్రము గొని, తక్కినదంతయు వర్తకులకే విడిచిపెట్టుదునని రాతిపై చెక్కించెను. ప్రాణముకన్న ప్రియమైన ధనమునకై సముద్రమున సాహసించువారిపై దయచేత అట్లు చేసెనని ఆ శాసన తాత్పర్యము. ప్రయాణము చేయువానికి ధైర్యము చాలదు. చేరిన చోట తన్నెవరును దోచుకొనరను మాట కావలెను. ఆ మాట ఇచ్చిన రాజునకే తన గద్దెపై కుమార్తెను కూర్చుండబెట్టవలెనను తలంపు కలిగినది.

రైలు స్టేషనుయొద్దనుండి కోటకు ఆటోలో పోయితిమి. ఖిలా వరంగలను పేరుగల ఆ ప్రాంతము ఇప్పటికిని ఊరే. కోట అనగా పాడుబడిన నిర్జనస్థలమని తలంచి పోయినవారికి మొదట ఆశ్చర్యము కలుగును. మొదట మట్టికోట వచ్చును. గడ్డి మొలచి కొండవలె నుండును. దానిలోపల కందకము, రాతికోట. గణపతిదేవుడు మొదలిడిన యా రాతిగోడను రుద్రమదేవి మరికొంత ఎత్తు చేయించి పూర్తిగావించినదని చెప్పుదురు. గోడకు నలుబదియైదు బురుజులు, నలుదిక్కుల నాలుగు ద్వారములు. ద్వారము తిన్నగా నుండదు. లోనికి పోయినవాడు వెంటనే మలుపు తిరుగవలెను. ఏనుగులు పరుగున వచ్చి తలుపులను గ్రుద్దకుండుటకు ఈ యేర్పాటు. ఏనుగులను త్రిప్పిన ఆ మలుపులో ఇప్పుడు ఆటోలు, గడ్డిబండ్లు, బడిపిల్లల సైకిళ్లు ఒకదాని కొకటి అడ్డము వచ్చి కేకలు వేసికొనుచున్నవి. మేము గోడకు ఆనుకొని పావుగంట నిలిచి ఆ వేడుక చూచితిమి. “ఇక రా” అనువారు లేరు. ఒంటరి ప్రయాణములోని సుఖము మాకు మొదట తెలిసినది ఆ గోడయొద్దనే.

లోపల ఒక యింటి ముంగిట ఒకామె మిరపకాయలు ఎండబోయుచున్నది. మమ్ము చూచి, “ఒక్కదానివే వచ్చినవా అక్కా?” అని అడిగినది. అవునంటిమి. “మీ ఇంటాయన?” బడిలో నున్నారంటిమి. “గట్లనా” అని లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చియిచ్చినది. నీళ్లు త్రాగి, స్వయంభూదేవాలయపు శిథిలము లెటనని అడిగితిమి. చేయి చాచి చూపినది. చూచితివా యనగా, ఆమె నవ్వి, “పెండ్లయి వచ్చి పందొమ్మిదేండ్లాయె. ఈడనే ఉంటిగని లోపటికి పోలే. ఎవలతోని పోవాలె?” అన్నది.

ఆ మాట విని మేము కొంతసేపు ఏమియు అనలేకపోయితిమి. పందొమ్మిదేండ్లుగా ఆమె యింటి గడపనుండి తోరణము కనబడుచున్నది. పిల్లలను బడికి పంపుచు, మేకలను తోలుచు, నిత్యము దాని ప్రక్కగా నడచినది. టికెట్టు కొనుక్కొని లోపలికి పోవుట మాత్రము ఎవరైనను వెంట నున్నప్పుడు చేయవలసిన పని! ఆ దోషము మేమెన్నదగినది కాదు. మేమును మొన్నటి వరకు మా బీరువాలోని పుస్తకమున కంతే దూరమున నుంటిమి. “మాతో రారాదా?” అంటిమి. మిరపకాయలను చూచినది, ఆకాశమును చూచినది, కూతురిని కేకవేసి కాకులను తోలుమని చెప్పి, చెప్పులు తొడుగుకొన్నది.

స్వయంభూదేవాలయము నిలిచిన చోట నేడు దేవాలయము లేదు. నేలంతయు రాళ్లు. విరిగిన స్తంభములు, తలలేని నందులు, పైకప్పున విచ్చిన తామరలు నేలపై వెల్లకిలబడి యున్నవి. చుట్టును నాలుగు దిక్కుల నాలుగు తోరణములు మాత్రము నిలిచినవి. ఒక్కొక్కటి మూడు నిలువుల మేడంత యెత్తు. పైకొసలయందు హంసలు, క్రింద వ్రేలాడు మొగ్గలు, మకరములు. దేవతావిగ్రహములు వానిపై లేకుండుటచేతనే పడగొట్టబడలేదని కొందరు చెప్పుదురు. 1310లో మాలిక్ కాఫరు ఈ కోటను ముట్టడించి ధనరాసులతో మరలిపోయెను. 1323లో ఉలుగ్ ఖాను, అనగా పిమ్మట ఢిల్లీ సుల్తానైన మహమ్మదుబిన్ తుగ్లకు, కోటను పట్టుకొనెను. బందీయైన ప్రతాపరుద్రుడు ఢిల్లీ చేరకయే నర్మదాతీరమున మరణించెను. ఓరుగంటికి సుల్తానుపురమని పేరు పెట్టిరి. పేరు నిలువలేదు, తోరణములు నిలిచినవి.

మా తోడు వచ్చినామె తోరణము క్రింద నిలిచి చాలసేపు తల యెత్తి చూచినది. తరువాత, “సర్కారు కాయితాల మీద ఉండే బొమ్మ ఇదే గదా!” అన్నది. ఔను, 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినప్పుడు రాజచిహ్నములో ఈ తోరణమునే చేర్చిరి. ఆమె తన కార్డులపై ఏండ్ల తరబడి చూచిన బొమ్మ తన యింటి యెదుటి రాయి యని ఆనాడు చేయి పెట్టి తెలిసికొన్నది. రాళ్ల నడుమ తిరుగుచు, ఇది రోలు వంటిది, ఇది మా అత్త కడియము వంటిది, ఈ ఏనుగునకు మా మామ మొగము వచ్చినదని ఆమె చెప్పిన వ్యాఖ్యానము మాకు ఏ గైడుపుస్తకములోను దొరకియుండదు.

చెంతనే ఖుష్ మహలు కలదు. దట్టమైన వాలుగోడలు, ఎత్తైన కమానులు, లోపల చల్లని చీకటి. తుగ్లకుల కాలమున కట్టబడినదని కొందరు, పదునారవ శతాబ్ది తొలినాళ్లలో కోటనేలిన షితాబుఖాను కట్టించెనని కొందరు. ఈ షితాబుఖాను చరిత్ర చిత్రమైనది. అతని అసలు పేరు సీతాపతి. పేరు మారిన ఆ మనుష్యుడే, పూర్వము పెకలింపబడిన కాకతీయుల దేవతను మరల ప్రతిష్ఠించినట్లు 1504 నాటి శాసనము చెప్పుచున్నది. ఎవరు కూల్చిరి, ఎవరు నిలిపిరి యను లెక్క ఓరుగంటిలో అంత సులువుగా తేలదు. మహలు లోపల కాకతీయ శిల్పములను వరుసగా నిలిపి యుంచినారు. ఒకరి గుడిలోని దేవతలు మరియొకరి సభాశాలలో కాపురమున్నారు.

అమెరికాలో ఉద్యోగము చేయు మా మేనకోడలు పోయినయేట పెరూ దేశమున కుస్కో అను నగరమునకు ఒంటరిగా పోయి చిత్తరువులు పంపినది. ఇంకా చక్రవర్తుల రాజధాని యది. 1533లో స్పెయినువారు పట్టుకొని, కొరికాంచ యను సూర్యదేవాలయమును కూల్చి దాని గోడలమీదనే క్రైస్తవమఠము కట్టిరి. 1950లో గొప్ప భూకంపము వచ్చి మఠము బీటలు వారినది. క్రింది ఇంకాల రాతిగోడ మాత్రము చెక్కుచెదరక బయటపడినది. సున్నము లేక రాతికి రాయి అతికిన గోడలట. ఆ చిత్తరువులు చూచినప్పుడు మాకు అది లోకము చివర నున్న వింతగా తోచినది. ఖుష్ మహలు మెట్లపై కూర్చుండి అత్తగారి పులిహోరను ఇద్దరమును పంచుకొని తినుచుండగా, మన యింటికి మూడు గంటల దూరమున నున్న వింతను చూచుటకు మాకు ఇరువదియేండ్లు పట్టినదిగదా యనిపించినది.

ఆ సాయంకాలము జరిగినది వ్రాయవలెనా వలదా యని ఆలోచించితిమి. వ్రాయకున్న ఈ జాబు సగమే నిజమగును. ఫోనులో ముందుగా చెప్పియుంచిన ఒక బసకు పోయితిమి. ఆ చోటి పేరు అనవసరము. గుమాస్తా మా వెనుకకు చూచి, “సారు ఎక్కడమ్మా?” అనెను. సారు లేరు, మేమే యంటిమి. ఒంటరి ఆడవారికి గదులియ్యమనెను. కారణ మడుగగా, కారణము లేదు, పద్ధతి యనెను. “మగవారి పేరు ఏదైనా వ్రాయించండి, ఫోనులో మాట్లాడించండి, చూస్తాము” అనెను. మా వయస్సు, మా ఆధారుకార్డు, మా చేతిలోని రూపాయలు, వీనిలో నేదియు చాలలేదు. ఫోను చేతిలోనే యున్నది. మావారిచేత ఒక్కమాట చెప్పించిన గది దొరకియుండును. ఏమో, ఆ మాట చెప్పించుటకు మనసు రాలేదు. సంచి తీసికొని వెలుపలికి వచ్చితిమి. చీకటి పడుచున్నది. ఆ పది నిమిషములు వీథిలో నిలిచినప్పుడు మాకు ధైర్యమున్నదని చెప్పిన అబద్ధమగును.

పిదప హనుమకొండలో పర్యాటకశాఖవారి బసకు పోయితిమి. అక్కడ కార్డు మాత్రము చూచి తాళము చేతికిచ్చిరి. తలుపు గడియ వేసి, దానికి కుర్చీ ఆనించి, దీప మార్పకయే పండుకొంటిమి. అత్తగారు ఫోను చేసి, “గడియ వేసితివా?” అని మూడుమార్లు అడిగిరి. గుమాస్తా మాట వారికి చెప్పలేదు.

నిద్ర పట్టక రుద్రమదేవిని గూర్చి తలచుచుంటిమి. ఆమె గణపతిదేవుని కూతురు. కొడుకులు లేని తండ్రి తన తరువాత రాజ్యమునకు ఆమెనే నియమించెను. 1262 మొదలు 1289 వరకు ఏలినది. శాసనములు అనేకము ఆమెను రుద్రదేవ మహారాజని పురుషనామముతోనే చెప్పుచున్నవి. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు; ఆయన రాజు కాడు, రాజ్యము ఆమెది. అయినను ఈ తీరమునకు వచ్చిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో, ఇచటి సాలెగూటి వంటి సన్నని వస్త్రములను వజ్రములను మెచ్చుకొని, ఈ దేశము నేలిన రాణి మిక్కిలి వివేకవతి యని మెచ్చుకొని, ఆమె మృతుడైన రాజు భార్య యని వ్రాసెను. కూతురు గద్దె యెక్కుట ఆయన ఊహ కందలేదు కాబోలు. రాణి యనగా ఎవరో రాజునకు భార్య కావలెను. “సారు ఎక్కడమ్మా?” అను ప్రశ్న పదుమూడవ శతాబ్దిలోను ఉన్నదే! ఇంత రాజ్యము, ఇన్ని బురుజులు గలామెకే పట్టికలో మగపేరు వ్రాయించక తప్పకపోగా, చేతిసంచి గల మాకు గది దొరకకుండుటలో వింత యేమి యని నవ్వుకొని, అప్పుడు నిద్రించితిమి.

కాని ఆ పగలు కోటలో చూచిన మరియొకటి యున్నది, ముందే చెప్పవలసినది. ఓరుగంటి శిథిలములలో దొరకిన శిల్పములలో, సింహముపై కూర్చుండి కత్తి డాలు పట్టిన స్త్రీమూర్తి కలదు. రాయగజకేసరి యను బిరుదము వహించిన రుద్రమయే ఆమె యని పండితుల అభిప్రాయము. శాసనమున మగపేరు వ్రాయించిన రాణి, రాతిలో మాత్రము తన్ను స్త్రీగానే చెక్కించుకొన్నది. ఆమె మరణము కూడ ఇంటిలో సంభవించినది కాదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనమొకటి, ఆమెకును ఆమె సేనాని మల్లికార్జుననాయకునికిని పుణ్యముగా భూదానము చేసినట్లు చెప్పుచున్నది. కాయస్థ అంబదేవునితో జరిగిన యుద్ధమున ఇరువురును మడిసిరని దానినిబట్టి చరిత్రకారులు ఊహించుచున్నారు. అప్పటికి ఆమె వృద్ధురాలు.

మరునాడు వేయిస్తంభముల గుడికి తెల్లవారకముందే పోయితిమి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటమిది. శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భాలయములు. నల్లరాతి నంది తడిసినట్లు మెరయుచుండును. తాకి చూచిన పొడిగానుండును. కల్యాణమండపమును 2006లో మరమ్మతులకై రాయి రాయిగా విప్పిరి. మరల నిలిపి తెరచుటకు 2024 మార్చి వచ్చినది. కట్టించిన రాజులు ఇంత ఆలస్యము చేసియుండరని పురోహితుడొకాయన అనగా విని నవ్వితిమి. భద్రకాళి అమ్మవారి దర్శనమును, ఆ చెరువుగట్టును గూర్చి వ్రాయవలసినవారు ఎందరో వ్రాసియున్నారు. మాకంటె బాగుగా వ్రాయుదురు.

సోదరీమణులు తప్పక చూడవలసినది మరియొకటి కలదు. అది పద్మాక్షి గుట్ట. బతుకమ్మనాడు ఆ గుట్ట క్రింది కోనేటియొద్ద ఇసుక చల్లిన రాలనంత మంది స్త్రీలు చేరుదురు. తక్కిన దినములలో మిక్కిలి ప్రశాంతము. పూర్వమది కడలాలయ బసది యను జైనాలయము. బండపై జినమూర్తులు నేటికిని కలవు. అక్కడ నాలుగు ముఖముల రాతిస్తంభముపై 1117 నాటి శాసనమున్నది. కాకతి రెండవ ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ ఈ బసదిని కట్టించి భూమి దానము చేసినదని అందు చెప్పబడినది. రాణి కాదు, రాజకుమారి కాదు. ఒక ఉద్యోగి భార్య. రుద్రమకు నూటయేబది యేండ్ల ముందు, వేయిస్తంభముల గుడికి నలుబదియారేండ్ల ముందు, ఈమె తన పేరు తానుగా రాతికెక్కించుకొన్నది. ఆ మెట్లెక్కి స్తంభముయొద్ద మేము గంటసేపు కూర్చుంటిమి. అక్షరములు మాకు రావు. వేలితో గీతలు తడవి చూచితిమి. కోనేటిలో ఒక పిల్లవాడు గేదెలను కడుగుచు, “ఎవరికోసం చూస్తున్నవు?” అని అరచెను. ఎవరికొరకును కాదని మేమును అరచి చెప్పితిమి.

ఇక పోదలచినవారికి నాలుగు మాటలు. మాఘ ఫాల్గునములు దాటిన, కోటలోని రాళ్లు పెనములగును, పోవలదు. చెప్పులు గట్టివి కావలెను. బసను గూర్చి, ఒంటరి స్త్రీకి ఇత్తురా యని ముందుగనే స్పష్టముగా అడిగి, చెప్పినవారి పేరు వ్రాసికొనుడు. మేము చేయని పని యది. స్త్రీలకు మరుగుదొడ్డి దొరకుట అన్నిటికన్న కష్టము. ఈ సంగతి యాత్రావర్ణనలు వ్రాయు పురుషులు ఎన్నడును వ్రాయరు. బస విడిచిన పిదప గుడియొద్దనో టికెట్టు చోటనో కనబడినప్పుడే వాడుకొనవలెను. ముందు దొరకునులే యని నీళ్లు త్రాగుట మానిన, మాకువలె మధ్యాహ్నమునకు తలనొప్పి వచ్చును. ‘ఎవరితో వచ్చితివి?’ అని అడుగువారిలో నూటికి తొంబదిమంది మంచినీళ్ల నిచ్చు ఉద్దేశముతోనే అడుగుదురు. తక్కినవారికి జవాబియ్యనక్కరలేదు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడి యుండనే యున్నది. 2021లో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తింపబడినది. దానికి మరియొక దినము కావలెను. మా కది లేకపోయినది.

సాయంకాలపు బస్సులో ఇంటికి చేరితిమి. మావారు కాగితములు దిద్దుచునే యుండి, “తోరణములు ఎంత యెత్తు?” అనిరి. పిల్లలు ఏమి తెచ్చితివనిరి. అత్తగారు అన్నము వడ్డించి, ఎదురుగా కూర్చుండి, కోటను గూర్చి కాక, మిరపకాయల యామెను గూర్చియే అన్నియు అడిగిరి. ఎంతమంది పిల్లలు, అత్త బ్రతికి యున్నదా, లోపల చూచి యేమన్నది. మైలమ సంగతి చెప్పగా, “ఉద్యోగస్థుని పెండ్లామా?” అని ఒకమారు, మరల కొంతసేపటికి ఒకమారు అడిగిరి. ప్రక్కయింటివారు అడిగిరా యంటిమి. అడిగిరనియు, “మా కోడలు ఓరుగల్లు చూడబోయినది” అని చెప్పితిననియు అనిరి. అంతకుమించి ఆ మాట ఎత్తలేదు.

పండుకొనబోవునప్పుడు మా గది వాకిట నిలిచి, బతుకమ్మ పండుగ ఈయేడు ఏ తేదిన వచ్చినదో పంచాంగము చూడుమనియు, తమ ఆధారుకార్డు ఇనుపపెట్టెలో నున్నదో, పెద్దకూతురింట మరచి వచ్చితినో తెలియకున్నది, రేపు వెదకి పెట్టుమనియు చెప్పిరి.